అద్దాన్ని మోసిన బద్ద

1850 చలికాలం. లండన్ హైడ్ పార్కులో లేస్తున్న ఓ భారీ భవనం కప్పు మీద చిన్న చక్రాల బళ్లు అటూ ఇటూ నడుస్తున్నాయి. వాటిలో అద్దాల పనివాళ్లు, సామాను అందించే కుర్రాళ్లు. చక్రాలు దొర్లుతున్నది వాననీటి కాలువల అంచుల మీదే. ఒక వారంలో ఎనభై మంది కలిసి 18 వేల పైచిలుకు అద్దాలు బిగించారు.

అదే క్రిస్టల్ ప్యాలెస్. 1851 మే 1న ప్రపంచ ప్రదర్శన మొదలయ్యేసరికి దానికి దాదాపు 3 లక్షల గాజు పలకలు అమిరాయి. జనం వాటి మెరుపు చూసి నోరెళ్లబెట్టారు. వాటిని పట్టి నిలిపిన సన్నటి చెక్క బద్దల పొడవు మొత్తం 200 మైళ్లు దాటిందని వాళ్లలో ఎందరు గమనించారో!

ఈ బద్ద పుట్టుకకు కారణం గాజు చిన్నదిగా ఉండటమే. అప్పట్లో ఊదిన గాజు బుడగను కడ్డీ చివర గిరగిరా తిప్పితే, అది గొడుగులా విచ్చుకుని నాలుగైదు అడుగుల పళ్లెమయ్యేది. నడుమ కడ్డీ అంటిన చోట మందపాటి బొడిపె. దాన్ని వదిలి చుట్టూ కోస్తే దక్కేవి చిన్న పలకలే. పెద్ద కిటికీ కావాలంటే వాటిని అతకక తప్పదు. మధ్యయుగపు యూరప్ చర్చిల్లో రెండు పక్కలా గాడి ఉన్న సీసపు పట్టీలు ఆ పని చేశాయి. సీసం మెత్తనిది, గాలి తోస్తే వంగుతుంది. అందుకే కిటికీకి అడ్డంగా ఇనుప ఊచలు వేసి, సీసాన్ని వాటికి కట్టేవారు.

17వ శతాబ్దం చివర ఇంగ్లండ్‌లో పైకీ కిందికీ జరిగే కిటికీలు వచ్చాక చెక్క బద్దల కాలం మొదలైంది. లోపలి వైపు నగిషీ, బయటి వైపు అద్దం కూర్చునే మెట్టు, దాని మీద లప్పం. మొదట్లో బద్ద ఒకటిన్నర అంగుళం దాటి లావుండేది. వడ్రంగులు చెక్కీ చెక్కీ వందేళ్లలో దాన్ని అంగుళంలోపుకు తెచ్చారు. బద్ద ఎంత సన్నమైతే గదిలోకి అంత వెలుతురు.

ఆ వెలుతురు లెక్క తోటమాలికే బాగా తెలుసు. గాజు ఇంట్లో ప్రతి బద్ద నీడా మొక్క మీదే పడుతుంది. 1816లో తోటల రూపకర్త జాన్ లౌడన్ వంచగలిగే ఇనుప బద్దను తయారుచేశాడు. ఇంగ్లండ్‌లోని చాట్స్‌వర్త్ ఎస్టేటు తోటల పెద్ద జోసెఫ్ పాక్స్‌టన్ మాత్రం చెక్కనే నమ్మాడు. బద్దలకు గాళ్లు తీసే ఆవిరి యంత్రం ఒకటి చేయించుకున్నాడు. 1845లో బ్రిటన్‌లో గాజు మీద సుంకం పోయింది. ఆరేళ్లకే క్రిస్టల్ ప్యాలెస్ అతని నమూనాతోనే లేచింది. గాజు తయారీ సంస్థ చాన్స్ బ్రదర్స్ పంపిన పలకలు 49 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు. కప్పును మడతలు మడతలుగా కట్టి, దూలం నుంచి కాలువ దాకా ఒకే పలక అందేలా అమర్చాడు పాక్స్‌టన్. దాంతో అడ్డబద్దలు పూర్తిగా ఎగిరిపోయాయి. కాలువకు పైన వాననీటి గాడి, పక్కల్లో లోపలి చెమ్మ జారడానికి చిన్న గాళ్లు. ఆ నీరంతా బోలు ఇనుప స్తంభాల్లోంచి కిందికి దిగేది.

1959లో బ్రిటన్ గాజు సంస్థ పిల్కింగ్టన్ కరిగిన తగరం మీద గాజును తేలించి పలకలు తీసే పద్ధతిని ప్రకటించింది. పెద్ద అద్దం చవకైంది, ఇళ్లలో బద్ద అలంకారంగా మిగిలింది. ఇప్పుడు పాత తరహా ముచ్చట పడేవాళ్ల కోసం జంట అద్దాల నడుమ ఉత్తుత్తి పట్టీలు పెడుతున్నారు.

ఎత్తైన భవనాల్లో సంగతి వేరు. అక్కడ అద్దం గాలికి వంగుతుంది, ఎండకు సాగుతుంది. అంచుల్లో దాన్ని కదలనివ్వకపోతే ఏమవుతుందో 1973లో బోస్టన్ జాన్ హాంకాక్ టవర్ చూపించింది. జంట అద్దాల అంచుల్ని సీసపు టంకంతో మరీ గట్టిగా అతికారు. టంకంలో పుట్టిన పగుళ్లు గాజులోకి పాకాయి. పలకలు రాలిపడ్డాయి. చివరికి 10,344 పలకలనూ మార్చారు.

ఇప్పుడు హైదరాబాద్ హైటెక్ సిటీలోని చాలా గాజు గోడలకు బయట బద్దే కనిపించదు. వెనకున్న అల్యూమినియం చట్రానికి అద్దాన్ని సిలికోన్ అతికి ఉంచుతుంది. అది పట్టు వదలదు, అవసరమైన మేరకు సాగుతుంది. పారిస్ లా విలెట్‌లో 1986లో తెరిచిన విజ్ఞాన కేంద్రం గాజు గోడల్లోనైతే పలకలకు చట్రమూ లేదు. రెండేసి మీటర్ల చదరపు పలకల మూలల్లో రంధ్రాలు, వాటిలో బోల్టులు. బోల్టు తలలో ఉన్న గుండ్రటి కీలు సరిగ్గా గాజు మందంలోనే తిరుగుతుంది కాబట్టి, గాలికి పలక వంగినా రంధ్రం చుట్టూ ఒత్తిడి పేరుకోదు.