తత్సమ రుచులు, తద్భవ రుచులు

"పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అన్నది తెలుగువారి సామెత. జిహ్వలు వేరైనప్పుడు రుచులు వేరుకావడం సహజమే. కాని పరదేశపు రుచి ఒకటి మన వూరికి వచ్చి నాలుగైదు తరాలు కాపురముంటే దానిని ఎవరి రుచి అనాలి? పుట్టిన దేశానిదా, మెట్టిన వూరిదా? హైదరాబాదు పాతనగరంలో భోజనానికి బయలుదేరిన వానికి ఈ ప్రశ్న అడుగడుగునా ఎదురవుతుంది.

ఏ నల్లగొండ నుంచో, పాలమూరు నుంచో ఒక ఉపాధ్యాయుడు సెలవులలో పిల్లలను వెంటబెట్టుకుని వచ్చాడనుకోండి. 1591లో వెలసిన చార్మినారును చూపించాడు. మక్కామసీదు చూపించాడు. లాడ్‌బజారులో గాజులు బేరమాడడం అయింది. పొద్దు వాలింది, ఆకలి వేసింది. ఇంత దూరం వచ్చి ఇంటి దగ్గర దొరికేదే తినడమెందుకు, అసలైన పరదేశపు వంటకమేదైనా తిందామని అతని కోరిక. చుట్టూ చూస్తే ఒక పలక మీద ఇరాను పేరు, మరొక పలక మీద అరబ్బుల పేరు, వేరొక దాని మీద మొగలాయీల పేరు. వీటిలో ఏది అసలు? ఏది పేరుకు మాత్రమే? ఆయన తెలుగు పంతులైతే మాత్రం తాను తరగతిలో చెప్పే వ్యాకరణమే ఇక్కడ కొంత దారి చూపుతుంది.

మొదట ఎదురయ్యేది ఇరానీ చాయ్. పంతొమ్మిదవ శతాబ్ది చివర, ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో ఇరానులోని యజ్ద్ మొదలైన ప్రాంతాల నుంచి కొందరు బతుకుతెరువు వెతుక్కుంటూ బొంబాయికి, అక్కడి నుంచి హైదరాబాదుకు వచ్చారు. వీధి మూలలలో చాయ్ దుకాణాలు పెట్టారు. అందువల్ల వాటికి ఇరానీ హోటళ్లని పేరు వచ్చింది. కాని ఇరాను దేశంలో జనం తాగేది పాలు లేని చాయ్. చక్కెర బిళ్లను పంటికింద పెట్టుకుని ఆ వేడినీటిని చప్పరిస్తారు. ఇక్కడ కషాయాన్ని మూతవేసిన పాత్రలో సన్నని సెగ మీద చాలాసేపు మగ్గనిస్తారు. పాలను వేరుగా మరిగించి చిక్కబరుస్తారు. రెండింటిని కప్పులో కలుపుతారు. యజ్ద్ వాసికి ఈ చాయ్ ఇస్తే ఇదెక్కడి వింత పానీయమని అడుగుతాడు. కనుక ఇరానీ చాయ్ అన్నది యౌగికపదం కాదు, రూఢిపదం. దానిలోని ఇరాను తాగేవానిదీ కాదు, వంటదీ కాదు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమానిది. పక్కన పెట్టే ఉస్మానియా బిస్కత్తు కడపటి నిజాము పేరు మోస్తున్నది. ఇరాను పేరుగల చాయ్, నిజాము పేరుగల బిస్కత్తు కలిస్తే అచ్చమైన హైదరాబాదు పుట్టింది.

తరువాతది హలీం. రంజాను మాసంలో పాతనగరం వీధులలో ఇటుకలతో కట్టిన భట్టీలు లేస్తాయి. వాటిలో పెద్ద పెద్ద దేగులు దించి గోధుమలు, మాంసం, పప్పులు, నేయి, సుగంధద్రవ్యాలు కలిపి పగలల్లా ఉడికిస్తారు. ఇద్దరు మనుషులు పొడవాటి కర్ర ఘోట్నీలు పట్టుకుని గింజకూ కండకూ భేదం తెలియనంతవరకు మెదుపుతారు. పన్నెండు గంటల పని అది. హలీం అనే అరబ్బీ మాటకు ఓర్పుగలవాడు అని అర్థం. ఆ పేరు ఈ వంటకానికి ఎట్లా తగిలినా, ఓర్పులేనివాడు దీనిని వండలేడన్నది మాత్రం నిజం. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో హజ్రమౌత్ రాజవంశానికి చెందిన సుల్తాన్ సైఫ్ నవాజ్ జంగ్ విందులవల్ల దీనికి ప్రఖ్యాతి వచ్చిందనీ, 1950లలో మదీనా హోటలు ద్వారా ఇది సామాన్యుల బల్ల మీదికి దిగిందనీ చెబుతారు. 2010లో హైదరాబాదు హలీంకు భౌగోళిక గుర్తింపు లభించింది; ఈ గౌరవం పొందిన మాంసాహార వంటకాలలో దేశంలో ఇదే మొదటిది. అంటే, ఇది ఈ వూరి బిడ్డయేనని చట్టం కూడా ఒప్పుకున్నదన్నమాట.

బిడ్డ ఇక్కడిదే; మరి తల్లి ఎక్కడ? ఆమెను చూడాలంటే మన పంతులుగారు ఆ రాత్రి నిద్రపోయి తెల్లవారుజామున లేవాలి. చార్మినారు నుంచి దక్షిణంగా శాలిబండ, ఫలక్‌నుమా దాటి చాంద్రాయణగుట్ట మీదుగా వెళితే బార్కస్ వస్తుంది. ఆ వూరి పేరులోనే దాని చరిత్ర వున్నది. ఇంగ్లీషువారి "బ్యారక్స్" జనం నోట నలిగి "బార్కస్" అయింది. అక్కడ నిజాముల కొలువులోని అరబ్బు సైనికులు వుండేవారు. అరేబియా దక్షిణతీరాన, ఇప్పటి యెమెను దేశంలోని హజ్రమౌత్ లోయ వారిది. నీరు అరుదైన ఆ నేల విడిచి, ఓడలెక్కి, పంతొమ్మిదవ శతాబ్దిలో పెద్ద సంఖ్యలో ఇక్కడికి వచ్చారు. వారిలో ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ హైదరాబాదులో జమాదారుగా వుండి గడించిన ధనబలంతోనే ఆయన వంశం హజ్రమౌత్‌లో ఒక రాజ్యాన్ని నిలబెట్టింది. 1967 వరకు ఆ రాజ్యం సాగింది. దక్కను జీతంతో అరేబియాలో సింహాసనం లేచిందన్న మాట నేటి పిల్లలకు కట్టుకథలా తోచవచ్చు; కాని అది చరిత్ర.

ఉదయాన బార్కస్‌లో అమ్మేది హరీస్. నూరడం, దంచడం అనే అర్థమిచ్చే అరబ్బీ ధాతువు నుంచి పుట్టిన పేరు ఇది. గోధుమలు, మాంసం, ఉప్పు, నేయి. ఇంతకుమించి అట్టే ఆర్భాటం లేదు. వేయించిన ఉల్లిపాయలు, పుదీనా, మసాలాల ఘుమఘుమ ఇక్కడ కనబడవు. ఉప్పుది ఒకటి, చక్కెర వేసిన తీపిది ఒకటి, రెండు విధాలుగా దొరుకుతుంది. మాంసంతో తీపి ఏమిటని తెలుగువాడు మొదట వెనుకాడుతాడు. రెండవ ముద్దకు ఆ వెనుకాట పోతుంది. పదవ శతాబ్దిలో బాగ్దాదులో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాక్ కూర్చిన పాకశాస్త్రగ్రంథంలో ఈ వంటకం వున్నది. 2023లో యునెస్కో అరబ్బు దేశాల హరీసును మానవజాతి వారసత్వ సంపదల పట్టికలో చేర్చింది. సంస్కృతపదం తన రూపం చెడకుండా తెలుగులోకి వస్తే తత్సమమంటాము గదా, హరీస్ అటువంటిది. దక్కను మసాలాలతో రూపం మార్చుకుని మనదైపోయిన హలీం తద్భవం.

అయితే ఈ తత్సమం ఇంతకాలం ఎట్లా నిలిచింది? 1948 సెప్టెంబరులో నిజాము రాజ్యం భారతదేశంలో కలిసినప్పుడు అరబ్బు పటాలాలు రద్దయినాయి. కొందరిని ఓడలెక్కించి స్వదేశానికి పంపారు. ఆ స్వదేశాన్ని ఎన్నడూ కంటితో చూడనివారు, ఇక్కడే పుట్టి పెరిగినవారు ఎందరో బార్కస్‌లో మిగిలారు. కొలువు పోయింది, జీతం పోయింది, నడుముకు కట్టిన కత్తికి విలువ పోయింది. పొయ్యి మీది కుండ మాత్రం దిగలేదు. తాతల భాష మనుమల నోట పలచబడి ఉర్దూలో కలిసిపోయినా తాతల హరీస్ తెల్లవారేసరికి ఉడుకుతూనే వున్నది. దానిని తినేవారు నమాజు ముగించి వచ్చిన ముసలివారు, పనికి పోతూ ఆగిన కూలీలు, గిన్నె పట్టుకుని వచ్చిన ఇంటి పిల్లలు. చూడవచ్చిన యాత్రికుడు అక్కడ ఒక మూల కూర్చునే అతిథి మాత్రమే. అసలు రుచికి గుర్తు బహుశా ఇదే. పలక మీద ఏమి వ్రాశారో చదవడంకంటే, ఎవరు తింటున్నారు, ఏ వేళకు తింటున్నారు అని చూడడం మేలు.

ఇక మిగిలినది నేడు తెలుగుదేశమంతటా రహదారుల పక్కన పేరు మోగుతున్న మండి. అరబ్బీలో ఇది "మందీ". మంచు, తడి అనే అర్థమిచ్చే మాట నుంచి వచ్చిందని చెబుతారు. నేలలో తవ్విన పొయ్యిలో నిప్పుల సెగకు మాంసాన్ని మగ్గించి, ఆ రసం తడితోనే అన్నాన్ని పండిస్తారు. తెలుగులో మండి అని చదివినవానికి నోరు మండుతుందేమో అనిపిస్తుంది. నిజానికి అసలు మందీలో కారం పేరుకైనా వుండదు. ఇది హజ్రమౌత్ వంటకమే అయినా, మన నగరపు హోటళ్లకు తాతల వెంట ఓడలో రాలేదు. 1970ల నుంచి గల్ఫుదేశాలకు వెళ్లిన బార్కస్ యువకులు అక్కడ చూసి, తిరిగివచ్చాక ఈ శతాబ్దిలో ఇక్కడ దుకాణాలు తెరిచారు. అక్కడి నుంచి అది జిల్లాలకు పాకింది. పాకినకొద్దీ కారం హెచ్చింది, మసాలా చేరింది, కొన్నిచోట్ల పెద్ద పళ్లెమొక్కటే మిగిలింది. నిన్న వచ్చిన అన్యదేశ్యం ఇది. రేపు తద్భవమవుతుందో, వాడుకలేక పోతుందో కాలమే చెప్పాలి.

ఇంతకూ తత్సమం గొప్పదా, తద్భవం గొప్పదా? భాషలో ఈ తగవు ఏనాడో తీరింది. రెండూ లేకపోతే తెలుగు లేదు. ఊరి విషయమూ అంతే. అరబ్బు హరీస్ లేకపోతే హలీంకు మూలం లేదు. హలీం లేకపోతే హరీసుకు హైదరాబాదులో చుట్టరికం లేదు. భయపడవలసినది మార్పు గురించి కాదు, మరపు గురించి. రాత్రంతా మేలుకుని కుండ కలియబెట్టే చేయి అలసిపోయి, దాని పక్కన నేర్చుకునే చేయి లేనినాడు పలక మీద ఎంత పెద్ద అక్షరాలు వ్రాసినా ఫలం లేదు.

మన పంతులుగారు పిల్లలతో బస్సు ఎక్కుతాడు. దారిలో ఒక కొత్త హోటలు పలక మీద "పల్లె రుచులు" అనీ, దాని కింద "జొన్న గటక" అనీ కనబడుతుంది. పిల్లలు నవ్వుతారు, అది వారి అవ్వ ఇంట్లో వండేదే. తమ వంటకం కూడా నగరంలో ఒక వింత అయిందని వారికి అప్పుడు తెలుస్తుంది. రేపు తరగతిలో వ్యాకరణం చెప్పేముందు ఆయన వారిని ఒక ప్రశ్న అడగవచ్చు: "మీలో ఎందరికి గటక వండడం వచ్చు?" ఎన్ని చేతులు లేస్తాయో చూడాలి.