తీగా ఉంచండి, వైఫైనీ ఉంచండి

మా డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో ప్రాక్టికల్ ఫైళ్లన్నీ ఒక సర్వర్‌లో ఉంటాయి. దాన్ని చేరాలంటే కేబుల్ పెట్టాల్సిందే. ఆ కేబుల్‌లో ఇంటర్నెట్ రాదు, అందుకు పిల్లలు ఫోన్ హాట్‌స్పాట్ వాడతారు. వాళ్లవి డెబియన్ ల్యాప్‌టాప్‌లు. కేబుల్ గుచ్చగానే నెట్ ఆగిపోతుంది. "వైఫై ఉన్నట్టే చూపిస్తోంది, పేజీ మాత్రం రావట్లేదు సార్" అంటారు. దాంతో సర్వర్ కోసం గుచ్చడం, నెట్ కోసం పీకడం అలవాటైపోయింది. నిజానికి రెండూ ఒకేసారి పనిచేస్తాయి. ఏది దేనికో మనం చెప్పాలి, అంతే.

లినక్స్‌లో ఈ వ్యవహారాలు చూసేది సాధారణంగా నెట్‌వర్క్ మేనేజర్. రెడ్ హ్యాట్ సంస్థ 2004లో మొదలుపెట్టిన ప్రోగ్రామ్ ఇది. ప్రతి కనెక్షన్‌కూ ఇది మెట్రిక్ అనే అంకె ఇస్తుంది. మామూలుగా తీగకు 100, వైఫైకి 600. చిన్న అంకె ఉన్నదే బయటి ప్రపంచానికి దారి. టెర్మినల్ తెరిచి 'ఐపీ రూట్' అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. 'డీఫాల్ట్'తో మొదలయ్యే వరుసలు రెండు కనిపిస్తాయి, వాటి చివర ఈ అంకెలుంటాయి. పరికరం పేరు 'ఇ' అక్షరంతో మొదలైతే తీగ, 'డబ్ల్యు'తో మొదలైతే వైఫై.

మా ల్యాబ్ నెట్‌వర్క్ కూడా ల్యాప్‌టాప్‌కు ఒక గేట్‌వే చిరునామా ఇస్తుంది. అంకె చిన్నది కాబట్టి గూగుల్‌కు వెళ్లాల్సిన ప్యాకెట్ కూడా ఆ గేట్‌వేకే వెళ్లి అక్కడే ఆగిపోతుంది. ఉబుంటు, ఫెడోరా డెస్క్‌టాప్‌లలో నెట్ నిజంగా అందుతోందా అని పరీక్షించే ఏర్పాటు ముందే ఉంటుంది. అందని కనెక్షన్ అంకెకు 20000 కలిపి దాన్ని వెనక్కి నెడుతుంది. డెబియన్‌లో ఆ ఏర్పాటును మనమే పెట్టుకోవాలి.

అయినా నేను ఆ పరీక్ష మీద ఆధారపడను. తీగ కనెక్షన్ సెట్టింగ్స్‌లో ఐపీవీ4 పేజీ అడుగున 'యూజ్ దిస్ కనెక్షన్ ఓన్లీ ఫర్ రిసోర్సెస్ ఆన్ ఇట్స్ నెట్‌వర్క్' అని ఒక గడి ఉంటుంది. అందులో టిక్ పెట్టండి. ఐపీవీ6 పేజీలోనూ పెట్టండి. కేబుల్ ఒకసారి తీసి పెడితే సర్వర్ తీగ మీద, మిగతాదంతా హాట్‌స్పాట్ మీద నడుస్తుంది. సర్వర్ వేరే సబ్‌నెట్‌లో ఉంటే మాత్రం దాని చిరునామా, గేట్‌వే 'రూట్స్' భాగంలో రాయాలి. చాలామంది ఇక్కడే వదిలేసి, పనిచేయలేదంటారు.

ఇంట్లో తీగలోనూ నెట్ వస్తుంటే ఏమీ మార్చకండి. తీగ ఊడితే కొత్తగా తెరిచే పేజీలు వైఫై మీద వస్తాయి. అప్పటికే నడుస్తున్న డౌన్‌లోడ్ తెగిపోవచ్చు. రెండూ పెడితే వేగం రెట్టింపవుతుందని మాత్రం ఆశపడకండి, ఒక డౌన్‌లోడ్ ఒక దారినే వెళ్తుంది.

నెట్ ఆగిందని కేబుల్ మీద చెయ్యి వేసేముందు ఒక్కసారి ఆ రెండు అంకెలూ చూడండి.