పామాయిలు ధరకు తొలి కాటా సుమత్రా పల్లెలో
ఉకుయి గ్రామాల తోటలు, తరుగులు, మళ్లీ నాట్ల చిక్కు

కాకినాడ, కృష్ణపట్నం రేవులలో దిగే ముడి పామాయిలులో అధికభాగం ఇండోనేషియా, మలేషియాల సరకే. ఇక్కడి దిగుమతిదార్లు, బ్రోకర్లు కౌలాలంపూర్ వాయిదా ధరను, డాలరు మారకపు రేటును, ఢిల్లీ నుంచి వెలువడే సుంకం ప్రకటనలను అనుదినం గమనిస్తూనే ఉంటారు. ఈ మూడింటికంటే ముందు, సరకు ఇంకా గెలల రూపంలో ఉండగానే, ఒక కాటా ఎక్కుతుంది. రాబోయే సంవత్సరాలలో సరఫరా ఎలా ఉంటుందో ఆ కాటా దగ్గరే కొంత తేలిపోతుంది. అటువంటి కాటాలున్న గ్రామాలలో త్రిముల్య జయ ఒకటి.

ఇది సుమత్రా ద్వీపంలో, రియావ్ రాష్ట్రం పెలలావన్ జిల్లాలో ఉకుయి ప్రాంతపు చిన్న గ్రామం. తూర్పు సుమత్రా రహదారి ఈ ప్రాంతం మీదుగానే పోతుంది. రియావ్ మిల్లుల నూనె ట్యాంకర్లలో దుమాయి రేవుకు చేరి ఓడ ఎక్కుతుంది. చుట్టుపక్కల ఎటు చూసినా పామాయిలు తోటలే.

వలస వచ్చిన ఊరు

ఈ ఊరు పాతది కాదు. జనం కిక్కిరిసిన జావా ద్వీపం నుంచి కుటుంబాలను బయటి ద్వీపాలకు తరలించే ప్రభుత్వ పథకం కింద ఏర్పడిన గ్రామాలలో ఇదొకటి. ఈ వలసను పామాయిలు తోటలతో ముడిపెట్టి 1986లో ప్రభుత్వం కొత్త పథకం తెచ్చింది. కంపెనీ తోట నడుమ 'ఇంతి', అంటే గింజ. చుట్టూ రైతుల తోటలు 'ప్లాస్మా'. కుటుంబానికి 2 హెక్టార్ల తోట, అంటే సుమారు 5 ఎకరాలు, ఇల్లు, పెరటి పంటకు కొంత నేల ఇచ్చారు. ఈ 2 హెక్టార్ల కమతాన్ని అక్కడ 'కప్లింగ్' అంటారు. తోట వేసిన ఖర్చు రైతు పేర అప్పుగా రాసి, గెలలు మిల్లుకు తోలినప్పుడల్లా సొమ్ములో కొంత కోసి తీర్చుకున్నారు.

అప్పు తీరిన రైతులలో కొందరు మిగులుతో పక్కన మరికొంత భూమి కొని సొంతంగా తోటలు వేశారు. కంపెనీ ఒప్పందం లేని ఈ తోటలవారిని స్వతంత్ర రైతులంటారు. ఇండోనేషియాలో పామాయిలు విస్తీర్ణంలో సుమారు 40 శాతం చిన్న రైతుల చేతిలోనే ఉంది.

గెలకు ఒకరోజు గడువు

గెల కోసిన తరువాత 24 గంటలలో మిల్లుకు చేరితే మేలు. ఆలస్యమైన కొద్దీ నూనెలో ఆమ్లం పెరిగి సరకు నాణ్యం పడిపోతుంది. పది, పదిహేను రోజులకు ఒక కోత. లేత చెట్లకు ఉలి వంటి 'దొదొస్', ఎదిగిన చెట్లకు పొడుగు గడకు కట్టిన 'ఎగ్రెక్' అనే కొడవలి వాడతారు. నిలవ పెట్టుకుని మంచి ధర కోసం ఆగడానికి మిర్చి, పసుపు రైతులకున్న వీలు ఈ రైతుకు లేదు. కోసిన రోజున ఎంత ధర ఉంటే అంతే.

రాష్ట్ర స్థాయి కమిటీ చెట్ల వయసును బట్టి గెలల ధర నిర్ణయిస్తుంది. ఆ ధర వర్తించేది కంపెనీతో ఒప్పందం ఉన్న రైతులకు. స్వతంత్ర రైతు గెలలను 'పెరోన్' అనే కాటా కేంద్రంలో 'తొకె'కు, అంటే దళారీకి అమ్ముతాడు. అక్కడ కిలో ధర తక్కువ. పచ్చి గెలలని, పొడుగు కాడలని, తడి అని తూకంలోనూ తరుగు తీస్తారు. ఎరువుకు, ఇంటి ఖర్చుకు తొకె దగ్గర ముందే బదులు తెచ్చుకున్న రైతు తరుగుపై వాదించలేడు. పత్తికి, పొగాకుకు పెట్టుబడి పెట్టి పంట రాయించుకునే పద్ధతి తెలిసిన మన వర్తకులకు ఇందులో వింత లేదు.

సంఘం కట్టిన రైతులు

ఈ చిక్కుకు ఉకుయి రైతులు ఒక దారి వెదికారు. స్వతంత్ర రైతులు 'అమానహ్' అనే సంఘంగా ఏర్పడ్డారు. 349 మంది సభ్యులు, 763 హెక్టార్ల తోటలతో 2013 జూలైలో ఆర్.ఎస్.పి.ఓ. ధ్రువీకరణ పొందారు. ఇండోనేషియాలో స్వతంత్ర చిన్న రైతుల సంఘానికి ఇది రావడం అదే మొదటిసారి. ఏషియన్ అగ్రి కంపెనీ, డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. సంస్థ ఇందుకు తోడ్పడ్డాయి. 2004లో ఏర్పడిన తెస్సో నీలో జాతీయ వనం సమీపంలోనే ఉండడం, అందులో అక్రమంగా వేసిన తోటల గెలలు బజారులో కలిసిపోతుండడం కూడా ఈ శ్రద్ధకు కారణాలు. గెల ఏ తోటదో రికార్డు చూపగల రైతుకు కొనేవారి ముందు కొంత బలం వస్తుంది. కాని అటువంటి సంఘాలలో ఉన్న రైతులు మొత్తంలో కొద్దిమందే.

2022 దెబ్బ

2022 మార్చిలో కౌలాలంపూర్ వాయిదా ధర టన్ను 7,000 రింగిట్లు దాటింది. ఇండోనేషియాలో వంటనూనె ధరలపై గగ్గోలు పుట్టింది. ఏప్రిల్ 28 నుంచి ప్రభుత్వం పామాయిలు ఎగుమతులను నిషేధించింది. మిల్లుల ట్యాంకులు నిండిపోయాయి, గెలల కొనుగోళ్లు తగ్గాయి, కొన్నిచోట్ల నిలిచాయి. మే 17న రైతులు జకార్తాలో ప్రదర్శన జరిపారు. మే 23న నిషేధం ఎత్తివేశారు. అయినా పేరుకున్న నిలవలు కదలడానికి వారాలు పట్టింది. అంతకుముందు కిలో 3,000 రుపియాలు దాటిన గెలల ధర జూన్, జూలైలలో అనేక ప్రాంతాలలో స్వతంత్ర రైతులకు 1,000 రుపియాల దిగువకు పడిపోయింది. జూలై మధ్యలో ఎగుమతి లెవీని తాత్కాలికంగా ఎత్తివేశాకే సరకు చురుకుగా కదిలింది. సెప్టెంబరు చివరకు కౌలాలంపూర్ ధర 3,500 రింగిట్ల లోపుకు దిగింది.

ఆ ఏడాది నిషేధానికి ముందు హెచ్చు ధరకు సరకు ఒప్పుకున్న మన దిగుమతిదార్లకూ, టన్ను గెలలు 20,000 రూపాయలు దాటాయని సంతోషించి తరువాత ధర పతనం చూసిన పశ్చిమ గోదావరి, ఖమ్మం రైతులకూ ఆ దెబ్బ తెలిసినదే. మన గెలల ధర ముడి పామాయిలు ధరను బట్టి కట్టేదే కనుక, జకార్తా నిర్ణయం పెదవేగి, అశ్వారావుపేట తోటల దాకా వస్తుంది.

ముసలి చెట్లు, కొత్త లెక్క

ఇప్పుడు గమనించవలసినది చెట్ల వయసు. పామాయిలు చెట్టు మూడో ఏట కాపుకు వస్తుంది, 25 ఏళ్లు దాటితే దిగుబడి తగ్గుతుంది, గెల అందనంత ఎత్తు పెరుగుతుంది. వలస పథకం తొలి తోటలు ఆ వయసు దాటాయి. నరికి మళ్లీ నాటితే మూడేళ్లు రాబడి ఉండదు. నరకకపోతే దిగుబడి ఏటేటా పడిపోతుంది. 2 హెక్టార్లే ఆధారమైన కుటుంబానికి ఇది తేలిక నిర్ణయం కాదు.

ఎగుమతి లెవీ నిధి నుంచి మళ్లీ నాట్లకు సాయం ఇచ్చే పథకం 2017లో మొదలైంది. హెక్టారుకు 2.5 కోట్ల రుపియాలతో ప్రారంభమై, 2020లో 3 కోట్లకు, 2024లో 6 కోట్లకు పెరిగింది. భూమి కాగితాలు సరిగా లేని రైతులకు, అడవి హద్దులో పడిన తోటలకు అది అందడం కష్టం.

ఒక లెక్క చూడవచ్చు. హెక్టారుకు ఏడాదికి 18 టన్నుల గెలలు, 20 శాతం నూనె అనుకుంటే ఒక కప్లింగ్ నుంచి వచ్చే నూనె 7 టన్నుల పైచిలుకు. 20,000 టన్నుల ఓడ నిండాలంటే సుమారు 2,800 కుటుంబాల ఏడాది పంట కావాలి. దిగుబడి హెక్టారుకు 12 టన్నులకు జారితే అదే ఓడకు 4,000కు పైగా కుటుంబాలు కావాలి.

మరోవైపు డీజిలులో పామాయిలు మిశ్రమాన్ని ఇండోనేషియా 2020లో 30 శాతానికి, 2023లో 35 శాతానికి, 2025లో 40 శాతానికి పెంచింది. ఉత్పత్తి పెరగక స్వదేశీ వాడకం పెరిగితే ఎగుమతికి మిగిలేది తగ్గుతుంది. భారత ప్రభుత్వం ముడి పామాయిలుపై మొత్తం సుంకాన్ని 2024 సెప్టెంబరులో 5.5 నుంచి 27.5 శాతానికి పెంచి, 2025 మే నెలాఖరున 16.5 శాతానికి తగ్గించింది. సుంకం ఒక్క రాత్రిలో మారవచ్చు. నరికిన తోట తిరిగి కాపుకు రావడానికి మాత్రం మూడేళ్లు తప్పదు.

అందువల్ల దీర్ఘకాల ఒప్పందాలు చూసే వ్యాపారులు నెలవారీ నిలవల అంకెలతోపాటు రియావ్‌లో ఏటా ఎన్ని హెక్టార్లు మళ్లీ నాటుతున్నారో, స్వతంత్ర రైతుకు అందే ధరకూ కమిటీ ధరకూ తేడా ఎంత ఉందో కూడా చూసుకోవడం మంచిది. తేడా పెరిగితే రైతు ముందుగా తగ్గించేది ఎరువు. ఎరువు తగ్గిన తోటలో గెలలు తగ్గినట్లు కనిపించడానికి ఏడాది పైనే పడుతుంది. అప్పటికి బజారు ఆ ధరను మరచిపోయి ఉంటుంది.