లాగితే లేచే గోడ

సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పట్టణ పేదలకు పంచిన ఇంటి స్థలం అంతే. అందులో ఇంటికే 340 పోతాయి. మిగిలిన తొంభై అయిదింటిలో ఇసుక, ఇటుక, కమ్మీలు, నీళ్ల డ్రమ్ము అన్నీ సర్దుకోవాలి. యూనిట్ ఇసుక, అంటే 100 ఘనపు అడుగులు, రెండడుగుల ఎత్తున పోసినా యాభై చదరపు అడుగులు మింగేస్తుంది. పక్కవాళ్లు కూడా అప్పుడే పునాది తీస్తుంటే ఇక చెప్పేదేముంది! ఎర్రగుంట్ల లాంటి ఊళ్లో సిమెంటుకు కొదవలేదు, చుట్టూ ఫ్యాక్టరీలే. బస్తా దింపే చోటుకే కరువు.

ముగ్గు పోయకముందే ఈ ఇరుకు కంటికి కనబడాలంటే స్కెచప్ అనే త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్ చాలు.

అమెరికాలోని బౌల్డర్‌లో బ్రాడ్ షెల్, జో ఎష్ పెట్టిన అట్‌లాస్ట్ సాఫ్ట్‌వేర్ కంపెనీ 2000లో దీన్ని విడుదల చేసింది. దీని కిటుకంతా ఒక్క పనిముట్టులో ఉంది: పుష్‌పుల్. నాలుగు గీతలు గీసి కలిపేస్తే మధ్యలో తలం దానంతటదే పుడుతుంది. మౌస్‌తో పట్టి పైకి లాగితే గోడ, కిందికి నొక్కితే గుంత. తలం కదిలేకొద్దీ దాని ఒక్కో అంచు వెనకాల ఒక్కో పక్క తలాన్ని పరుచుకుంటూ పోతుంది. గోడ మీద చిన్న చదరం గీసి లోపలికి తోస్తే, అది అవతలి ముఖాన్ని తాకగానే రెండూ మాయమై కిటికీ కంత మిగులుతుంది. కంపెనీ దీనికి పేటెంటు కూడా తీసుకుంది. తీసుకోదగ్గదే.

ఆ గోడ లోపల ఇటుకా లేదు, సున్నమూ లేదు. ఉత్త డొల్ల. 2000లోనే వచ్చిన రెవిట్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో గోడకు తన మందం, పూత, పొరలు అన్నీ తెలుసు. పెద్ద అపార్టుమెంటుకు అదే కావాలి. సెంటు స్థలంలో ట్రాక్టరు తిరుగుతుందా లేదా తేల్చుకోవడానికి మాత్రం ఆ పాండిత్యం దండగ, డొల్ల పెట్టెలే మేలు. ఇసుకకొక పెట్టె, ఇటుకకొక పెట్టె గీసి జరుపుకుంటే సరి. కాకపోతే కింద ఉన్నది నల్లరేగడో కాదో ఈ బొమ్మ చెప్పదు.

రెవిట్‌ను 2002లో ఆటోడెస్క్ కొనేసింది. స్కెచప్ 2006లో గూగుల్‌కు, 2012లో ట్రింబుల్‌కు చేతులు మారింది.

నీడల సంగతి వేరే చెప్పాలి. ఊరు, తేదీ, గంట ఇస్తే స్కెచప్ నీడ గీసి చూపుతుంది. ఎర్రగుంట్ల అక్షాంశం 14.6 డిగ్రీలు. డిసెంబరు నెలాఖరులో పది అడుగుల గోడ నీడ మిట్టమధ్యాహ్నం ఉత్తరంగా దాదాపు ఎనిమిది అడుగులు పడుతుంది. జూన్ నెలాఖరులో సూర్యుడు ఉత్తరానికి జరుగుతాడు కాబట్టి అదే నీడ దక్షిణానికి తిరిగి, అడుగున్నరకు కుంచించుకుపోతుంది. ఆ వేళ కమ్మీలు వంచేవాళ్లకు టార్పాలిన్ కట్టాల్సిందే.