ఖాళీ పురుగుమందు సీసా: పొలం గట్టున ఆగిపోయిన బాధ్యత

ఏటా వేసవిలో కృష్ణా, గోదావరి డెల్టాల కాలువలకు నీటి విడుదల నిలిపివేసిన తరువాత కాలువల అడుగు బయటపడుతుంది. ఎండిన గుర్రపుడెక్క, తూటుకాడల మధ్య పురుగుమందు సీసాలు, గుళికల సంచులు, వెండిరంగు పొడిమందు పొట్లాలు కనిపిస్తాయి. సాగునీటికే కాక డెల్టా గ్రామాల మంచినీటి చెరువులను నింపుకోవడానికి కూడా ఈ కాలువలే ఆధారం. మెట్ట ప్రాంతాలలో పత్తి, మిరప సాగుచేసే పొలాల వద్ద ఇదే చెత్త బావి గట్టున, మోటారు షెడ్డు వెనుక, వాగు ఒడ్డున పేరుకుంటుంది. మందు కలపడానికి నీరు దగ్గరగా ఉండాలి కనుక ఖాళీ సీసా కూడా నీటి పక్కనే పడుతుంది. గ్రామీణ చెత్తలో పరిమాణం రీత్యా దీని వాటా స్వల్పమే కావచ్చు, కాని దీనంత విషపూరితమైనది మరొకటి అరుదు.

ఈ పరిస్థితికి రైతుల అవగాహన లోపమే కారణమని చెప్పడం పరిపాటి. అందులో సగమే నిజం. సీసాను ఎక్కడ పారవేయకూడదో రైతుకు చాలామంది చెబుతారు, దానిని ఎక్కడ అప్పగించాలో చెప్పగలిగినవారు మాత్రం దాదాపు లేరు.

1971 నాటి కీటకనాశినుల నిబంధనలలో 44వ నిబంధన ఈ విషయాన్నే ప్రస్తావిస్తుంది. వాడిన ప్యాకింగులను, మిగిలిన మందును, కడిగిన నీటిని పర్యావరణానికీ జలవనరులకూ హాని కలగకుండా తొలగించే బాధ్యతను అది తయారీదారులపైన, మందు వాడే నిర్వాహకులపైన ఉంచింది. ఖాళీ డబ్బాలు తిరిగి వాడుకలోకి రాకుండా వాటిని బయట వదలరాదని, పగులగొట్టి నివాసాలకు దూరంగా పాతిపెట్టాలని పేర్కొంది. అర్ధశతాబ్దం క్రితం ఇది సమంజసమే అయి ఉండవచ్చు. నేడు అత్యధిక భాగం ప్యాకింగు ప్లాస్టిక్కే కనుక పాతిపెట్టినది మట్టిలో కలిసిపోదు. భూగర్భజలం పైపొరలలోనే ఉండే డెల్టా భూములలో, వేసవిలో లోతుగా బీటలు వారే నల్లరేగడి నేలలలో ‘దూరంగా పాతిపెట్టడం’ ఎంతవరకు సురక్షితమన్నది ఆలోచించవలసిన అంశం. మరికొందరు తగులబెడతారు. ఆ పొగ ముందుగా చేరేది పొలంలో పనిచేసే కూలీలనే.

తిరిగి వాడడం వల్ల కలిగే ముప్పుకు బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామ దుర్ఘటనను మించిన ఉదాహరణ అవసరం లేదు. 2013 జూలై 16న అక్కడి పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు మరణించారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు పరీక్షలలో తేలింది. నూనెను పురుగుమందు డబ్బాలో నిలవ ఉంచడమే ఇందుకు కారణమన్న అభిప్రాయం బలంగా వ్యక్తమైంది. గట్టి మూత గల ప్లాస్టిక్ డబ్బాను పారవేయడానికి పేద ఇంట చేయి రాదు. ఆ డబ్బా పొలంలోనే పనికిరానిదిగా మారాలి.

అందుకు మొదటి మెట్టు మూడుసార్లు కడగడం. ఈ పద్ధతిని ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008 నాటి తమ ఉమ్మడి మార్గదర్శకాలలో సిఫారసు చేశాయి. సీసాను ట్యాంకులోకి పూర్తిగా ఒంపి, చుక్కలు ఆగేవరకు సుమారు అర నిమిషం పట్టి ఉంచాలి. తరువాత నాలుగో వంతు వరకు నీరు పోసి, మూత బిగించి, అర నిమిషం బాగా గిలకొట్టి, ఆ నీటిని స్ప్రేయరు ట్యాంకులోనే పోయాలి. ఇలా మూడుసార్లు చేయాలి. దీని ఫలితాన్ని ఒక చిన్న లెక్కతో విద్యార్థులు తామే గ్రహించవచ్చు. లీటరు సీసాలో 10 మిల్లీలీటర్ల మందు అంటుకొని ఉందని, ప్రతిసారి 250 మిల్లీలీటర్ల నీటితో కడిగి ఒంపినా 10 మిల్లీలీటర్ల ద్రవం మిగిలిపోతుందని అనుకుందాం. ప్రతి కడుగుకు మందు 26వ వంతుకు తగ్గుతుంది. మొదటిసారికి 0.38 మిల్లీలీటర్లు, రెండోసారికి 0.015, మూడోసారికి 0.0006 మిల్లీలీటరు మిగులుతుంది. అంతే నీటిని, అంటే 750 మిల్లీలీటర్లను, ఒకేసారి పోసి కడిగితే 0.13 మిల్లీలీటరు మిగిలిపోతుంది. కాబట్టి ఎంత నీరు పోశామన్నదాని కన్నా ఎన్నిసార్లు కడిగామన్నదే ముఖ్యం. పైగా రైతు డబ్బు పెట్టి కొన్న మందు పైరుకే చేరుతుంది.

ఆచరణలో రెండు చిక్కులున్నాయి. మందు ఎండి సీసా గోడకు పట్టుకుంటే తరువాత ఎంత కడిగినా పోదు కనుక ఇంటికి వెళ్లాక కడుగుదామనుకోవడం వ్యర్థం. చివరి ట్యాంకులో కడిగిన నీటికి చోటు మిగల్చకుండా నిండుగా నింపితే ఆ నీరు బోదెలో పడుతుంది. పొడిమందుల బహుళపొరల పొట్లాలకు ఈ పద్ధతి అంతగా పనికిరాదు. కడిగిన సీసాకు వెంటనే అడుగున రంధ్రం చేయాలి.

రంధ్రం చేసిన ఆ సీసా ఆ తరువాత ఎక్కడికి పోవాలి? పంచాయతీ ట్రాక్టరు వీధులలో తిరుగుతుందే కాని పొలాలకు రాదు. వచ్చినా విషపు డబ్బాలను ఇంటి చెత్తతో కలపడం పారిశుధ్య కార్మికులకు ప్రమాదకరం. తుక్కు వ్యాపారి కొంటే ఆ ప్లాస్టిక్ ఏ వస్తువుగా మారుతుందో తెలియదు. ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2016లోనే గ్రామపంచాయతీలకు వర్తించాయి. 2022లో ఉత్పత్తిదారుల విస్తృత బాధ్యతపై మార్గదర్శకాలు వచ్చాయి. అయితే వాటిలో లక్ష్యాలు ప్లాస్టిక్ రకాన్ని బట్టి నిర్ణయమయ్యాయే తప్ప వస్తువును బట్టి కాదు. నగరంలో సేకరించిన గట్టి ప్లాస్టిక్‌తో లెక్క సరిపెట్టుకునే వీలున్నప్పుడు పొలం గట్టున ఉన్న సీసా కోసం కంపెనీ వెతుక్కుంటూ రానక్కరలేదు. అసలు లోపం ఇక్కడే ఉంది.

బ్రెజిల్ ఈ చిక్కుముడిని 2000 సంవత్సరపు చట్టంతో విప్పింది. రైతు డబ్బాను మూడుసార్లు కడిగి, కొన్న ఏడాదిలోగా తిరిగి ఇవ్వాలి. ఎక్కడ ఇవ్వాలో అమ్మకందారు బిల్లుపైనే రాయాలి. తీసుకున్న డబ్బాలను తరలించి పునర్వినియోగానికో దహనానికో పంపవలసినది తయారీదారులు. వారు కలిసి నెలకొల్పుకున్న ‘ఇన్‌పెవ్’ అనే సంస్థ 2002 నుండి ఈ పని చేస్తోంది. నేడు అక్కడ మందుకు నేరుగా తగిలే ప్లాస్టిక్ డబ్బాలలో 90 శాతానికి పైగా తిరిగి వస్తున్నాయి.

అక్కడి పెద్ద కమతాల పద్ధతి మనకు యథాతథంగా సరిపడదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టార్లు, తెలంగాణలో 1.00 హెక్టారు. కొనేది 100, 250 మిల్లీలీటర్ల సీసాలు. నాలుగు సీసాల కోసం ఏ రైతూ మండల కేంద్రానికి ప్రత్యేకంగా వెళ్లడు. కాని మందు కొన్న దుకాణానికి మళ్లీ మందు కోసం ఎలాగూ వెళతాడు. సీజను చివర ఒక నిర్ణీత రోజున వాహనం ఊరికి వచ్చి సేకరించే ఏర్పాటు బ్రెజిల్‌లోనూ చిన్న రైతుల కోసం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రాలు, తెలంగాణలో రైతు వేదికలు అటువంటి రోజుకు అనువైన చోట్లు. ఖర్చు మాత్రం తయారీదారులు భరించవలసినదే. పంచాయతీపై ఆ భారం మోపితే పథకం మొదటి సీజను దాటదు.

ప్రస్తుతం పిచికారీ ప్రదర్శనలలో మందు మోతాదు, నాజిల్ ఎంపిక, ముఖానికి తొడుగు వరకు శ్రద్ధగా చెప్పి, ట్యాంకు నిండగానే ముగించడం జరుగుతోంది. కడగడం, రంధ్రం చేయడం కూడా ప్రదర్శనలో భాగమైతే అదనంగా పట్టేది ఐదు నిమిషాలే. కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు వచ్చే ఖరీఫ్ నుంచే ఈ మార్పు చేయవచ్చు. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో విద్యార్థులు గీసే గ్రామ వనరుల పటంలో బావులు, కాలువలు ఎలాగూ గుర్తిస్తారు. వాటి పక్కన పడివున్న సీసాలను లెక్కించి, కడిగినవి ఎన్ని, మూతతో ఉన్నవి ఎన్ని, లేబులుపై ఎరుపు త్రికోణం గలవి ఎన్ని అని నమోదు చేస్తే ఆ గ్రామానికి ఒక ఆధార సమాచారం ఏర్పడుతుంది. లెక్కించేటప్పుడు చేతి తొడుగులు తప్పనిసరి. కంపెనీ పేరు, బ్యాచ్ సంఖ్య కూడా లేబులుపై ఉంటాయి కనుక ఏ తయారీదారు సీసాలు ఏ కాలువ గట్టున ఎన్ని ఉన్నాయో జిల్లా వ్యవసాయాధికారి ముందు ఉంచవచ్చు.