పిక్కలు బలిస్తే బలం కాదు!

కొల్లేటి లంకల్లో పిల్లలకు చేపల చెరువు గట్లెక్కడం ఎవరూ నేర్పనక్కర్లేదు. నడక వచ్చీరాగానే పరుగే. అలాంటిచోట అయిదేళ్ల బాబు గట్టెక్కుతూ మాటిమాటికీ పడిపోతుంటే ఇంట్లోవాళ్లు బద్ధకం అనుకుంటారు. 'పిక్కలు చూడు, ఎంత పుష్టిగా ఉన్నాయో... వీడికేం తక్కువ?' అని నాయనమ్మ మురిసిపోతుంది.

చిక్కంతా ఆ పిక్కల్లోనే ఉండొచ్చు!

కింద కూర్చున్న పిల్లాడు లేచేటప్పుడు గమనించండి. ముందు చేతులు నేలకు ఆన్చి, తర్వాత మోకాళ్లమీద, ఆపైన తొడలమీద వేసుకుంటూ తన ఒంటిమీద తానే ఎగబాకుతున్నట్టు లేస్తున్నాడా? పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు డాక్టరు విలియం గోవర్స్ ఈ తీరును వివరించాడు. 'డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ' అనే కండరాల జబ్బుకు ఇదో ముఖ్యమైన గుర్తు. కండ నశిస్తూ ఆ చోట కొవ్వు, పీచు పేరుకోవడం వల్ల పిక్కలు బలిసినట్టు కనిపిస్తాయి.

అన్నీ ఒకటి కావు

2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా జనం ఉన్నట్టుండి మూర్ఛలతో, స్పృహ తప్పడంతో ఆసుపత్రి పాలయ్యారు. బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో కనిపించింది. కొట్టుకున్నవి కాళ్లూచేతులే అయినా అది కండరాల జబ్బు కాదు. మూర్ఛ పుట్టేది మెదడులో. పోలియో దెబ్బతీసేది వెన్నుపాములోని నరాల కణాలను. కండరాల జబ్బులో లోపం కండలోనే ఉంటుంది. అందుకే స్పర్శ పోదు. తుంటి, తొడలు, భుజాల్లో సత్తువ తగ్గుతుంది. మెట్లెక్కడం, తల దువ్వుకోవడం కష్టమవుతాయి.

వీటిలో పుట్టుకతో సంక్రమించేవి ఒక రకం. డుషేన్, దానికంటే నెమ్మదిగా ముదిరే బెకర్, తుంటిని, భుజాలను పట్టే లింబ్ గర్డిల్ ఇందులోవే. రెండోరకం మధ్యలో వచ్చేవి. రోగనిరోధక శక్తి సొంత కండలమీదే తిరగబడితే వచ్చే మయోసైటిస్, థైరాయిడ్ లోపం, పొటాషియం తగ్గడం, అతిగా మద్యం, కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్లు... వీటివల్లా కండలు దెబ్బతినొచ్చు. కారణం పట్టుకుంటే వీటిలో చాలావాటికి మంచి చికిత్స ఉంది.

తప్పు తల్లిది కాదు

కండను కాపాడే డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ తయారు కాకపోవడమే డుషేన్‌కు మూలం. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్‌మీద ఉంటుంది. అందుకే జబ్బు దాదాపుగా మగపిల్లలకే వస్తుంది. సుమారు 3,500 నుంచి 5,000 మంది మగశిశువుల్లో ఒకరికి ఉంటుంది. 'తల్లివైపు నుంచి వచ్చింది' అనగానే కోడలిని ఆడిపోసుకునే ఇళ్లున్నాయి. కానీ తనలో ఆ జన్యువు ఉన్నట్టు ఆ తల్లికే తెలీదు. పైగా మూడోవంతు కేసుల్లో అది తల్లి నుంచి రానేరాదు, బిడ్డలోనే కొత్తగా తలెత్తుతుంది. డుషేన్‌కు మేనరికం కారణం కాదు. అయితే లింబ్ గర్డిల్ రకాల్లో చాలావరకు తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం రావాలి కాబట్టి, దగ్గరి సంబంధాల్లో ముప్పు పెరుగుతుంది.

తల్లి వాహకురాలైతే పుట్టే ప్రతి మగబిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం సగం. కాబట్టి రెండో కాన్పుకు ముందే జన్యు పరీక్ష చేయించుకోవాలి.

ముందు చిన్న రక్తపరీక్ష

అనుమానం రాగానే చేయించాల్సింది 'సీకే' అనే రక్తపరీక్ష. డుషేన్‌లో ఇది మామూలుకంటే పదుల రెట్లు పెరుగుతుంది. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కూడా పెరగడంతో కాలేయ జబ్బుగా పొరబడటమూ ఉంది. తర్వాత జన్యు పరీక్షతో నిర్ధరిస్తారు.

డుషేన్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు. స్టెరాయిడ్లు డాక్టరు పర్యవేక్షణలో వాడితే పిల్లాడు మరికొన్నేళ్లు నడవగలడు. కీళ్లు బిగుసుకోకుండా ఫిజియోథెరపీ, క్రమం తప్పకుండా గుండె, ఊపిరితిత్తుల పరీక్షలు తప్పనిసరి. కండ పెంచాలని బరువులు ఎత్తించకూడదు. అమెరికాలో 2023లో ఒక జన్యుచికిత్సకు అనుమతి వచ్చింది. ఖర్చు కోట్లలో ఉంటుంది. 2025లో కాలేయం విఫలమై కొందరు చనిపోవడంతో ఆంక్షలు పెట్టారు.

ఆపరేషన్ ఏదైనా మత్తు డాక్టరుకు ఈ జబ్బు సంగతి ముందే చెప్పాలి. కండలను సడలించే సక్సినైల్‌కోలిన్ వీరికి ప్రాణాంతకం కావచ్చు. కండరాల జబ్బు లేకపోయినా, ఆర్యవైశ్యుల్లో కొందరికి ఆ మందును విరగ్గొట్టే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువ. అలాంటివారికి ఆపరేషన్ తర్వాత గంటల తరబడి ఊపిరి కండలు పనిచేయవు. ఇంట్లో ఎవరికైనా అలా జరిగి ఉంటే ఆ విషయమూ చెప్పాలి.

ఆసరా ఉంది

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మస్క్యులర్ డిస్ట్రఫీని వైకల్యంగా గుర్తించింది. తీవ్రంగా ఉన్నవారికి నెలకు ఇచ్చే పింఛన్‌ను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో 15,000 రూపాయలకు పెంచింది. హైదరాబాద్ నిమ్స్ అరుదైన జబ్బులకు కేంద్రం గుర్తించిన ఆసుపత్రుల్లో ఒకటి. ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా మొదటి మెట్టు మాత్రం దగ్గర్లోని పిల్లల డాక్టరే.

పిల్లాడు తోటివాళ్లతో సమానంగా పరిగెత్తలేకపోతే 'బద్ధకం' అని తిట్టకండి. కింద కూర్చోబెట్టి, ఎలా లేస్తాడో ఒక్కసారి చూడండి!