బండి దొంగతనం కేసు కోర్టులో ఎట్లా తేలుతుంది?

పోలీస్ స్టేషన్ ఆవరణలో ఎండకు ఎండి, వానకు తడిసి తుప్పు పట్టే బండ్లను నిజామాబాద్‌లో, బోధన్‌లో అందరూ చూసే ఉంటారు. అందులో కొన్ని దొంగ దొరికి, బండి కూడా దొరికి, అయినా యజమాని ఇంటికి చేరనివి. "కేసు అయ్యేదాకా బండి ఇయ్యరంట" అనే మాట విని చాలామంది ఆశ వదులుకుంటారు. చట్టం అట్లా చెప్పడం లేదు.

జప్తు చేసిన బండ్లను స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉంచడం దండగ అని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో తేల్చి చెప్పింది. ఫొటోలు తీసుకుని, పూచీకత్తు రాయించుకుని యజమానికి ఇచ్చేయాలన్నది ఆ తీర్పు సారం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) ఒక అడుగు ముందుకేసింది. 497వ సెక్షన్ ప్రకారం వస్తువు కోర్టు ముందుకొచ్చిన 14 రోజుల్లో దాని వివరాల పట్టిక తయారు కావాలి, ఫొటో లేదా వీడియో తీయాలి, ఆ తర్వాత 30 రోజుల్లో దాన్ని ఏం చేయాలో కోర్టు చెప్పాలి. బండి ఇంకా కోర్టుకు చేరకుండా స్టేషన్‌లోనే ఉంటే 503 కింద దరఖాస్తు పెడతారు.

ఈ దరఖాస్తును వకీలు ఆ స్టేషన్ పరిధిలోని మేజిస్ట్రేట్ కోర్టులో వేస్తాడు. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, ఆధార్, ఎఫ్‌ఐఆర్ కాపీ జత చేయాలి. కోర్టు పోలీసుల అభిప్రాయం అడుగుతుంది. అభ్యంతరం లేకపోతే బాండు, జమానతు తీసుకుని బండి అప్పగిస్తుంది. అమ్మొద్దు, రంగు మార్చొద్దు, పిలిచినప్పుడు తెచ్చి చూపించాలి అనే షరతులు మామూలే. తిప్పలంతా ఆర్‌సీ దగ్గరే. సెకండ్ హ్యాండ్‌లో కొని పేరు మార్పించుకోని బండి అయితే కాగితం మీద యజమాని పాత మనిషే. ఆయనను వెతికి పట్టుకుని కోర్టుకు తెచ్చేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

అసలు ఎఫ్‌ఐఆర్ దగ్గరే జాగ్రత్త పడాలి. ఫిర్యాదు ఇచ్చినవారికి ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వడం పోలీసుల బాధ్యత. "మా ఏరియా కాదు" అని తిప్పి పంపే వీలు లేదు, జీరో ఎఫ్‌ఐఆర్ రాయాల్సిందే. బోధన్ వైపు ఇది మరీ ముఖ్యం. సాలూర దాటితే మహారాష్ట్ర, బండి పొద్దుటికల్లా బిలోలిలో ఉండొచ్చు. దొంగతనం జరిగిన చోటి కోర్టుకైనా, దొంగ సొత్తు దొరికిన చోటి కోర్టుకైనా విచారించే అధికారం ఉంటుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా అదే రోజు చెప్పడం మంచిది. ఎఫ్‌ఐఆర్ వెంటనే ఇచ్చి, కంపెనీకి చెప్పడం ఆలస్యమైనంత మాత్రాన క్లెయిమ్ కొట్టేయరాదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ తగాదా దాకా పోవడం ఎందుకు?

ఇక ముద్దాయి సంగతి. మామూలు దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 303(2) కింద గరిష్ఠంగా మూడేళ్లు. పాత ఐపీసీ 379 లోనూ అంతే. ఇంట్లో పెట్టిన బండి, లేదంటే ఆటో, లారీ లాంటి జనాన్నో సరుకునో మోసే వాహనం అయితే 305 కింద ఏడేళ్ల దాకా పోతుంది. ఈ తేడా తర్వాత పెద్దదవుతుంది. 303(2) రాజీకి వీలున్న నేరం, రాజీ పడే హక్కు సొత్తు యజమానిది. లోక్ అదాలత్‌లో బైకు కేసులు తేలేది ఈ దారిలోనే. రాజీ అయితే చట్టం లెక్కలో ముద్దాయి నిర్దోషిగా విడుదలైనట్టే. 305 కేసుకు, పాత శిక్ష వల్ల ఎక్కువ శిక్ష పడే ముద్దాయికి ఈ దారి లేదు. దొంగ బండి అని తెలిసి కొన్నవారిపై 317(2) కేసు ఉంటుంది. తెలియక కొన్నా బండి వాళ్లది కాదు, అసలు యజమానికే పోతుంది. కాగితాల్లేని చవక బేరం చివరికి చవక కాదు.

బండి విలువ 20 వేలు దాటకపోతే కొత్త చట్టం ప్రకారం సంక్షిప్త విచారణ జరగాలి, అందులో మూడు నెలలకు మించి జైలు వేయలేరు. పాత బైకుల కేసుల్లో పంచనామాలో రాసిన విలువ అందుకే చూసుకోవాలి.

ఇళ్లను నిజంగా కుంగదీసేది మరొకటి. పట్టుబడ్డ కుర్రాడి దగ్గర ఎనిమిది బండ్లు దొరికితే ఎనిమిది ఎఫ్‌ఐఆర్‌లు అవుతాయి. ఒక కేసులో బెయిల్ వచ్చేలోపు పీటీ వారెంట్ మీద మరో కేసులో చూపిస్తారు. అరవై రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిల్ హక్కు వస్తుంది, కానీ అది కేసు కేసుకీ విడిగా. మొదటిసారి ముద్దాయి మూడో వంతు శిక్షాకాలం జైల్లో గడిపితే వదలాలనే 479 వెసులుబాటు కూడా ఒకటికి మించి కేసులున్నవారికి వర్తించదు. తల్లిదండ్రులు ప్రతి కేసుకూ కొత్త జమానతుదారుల కోసం చుట్టాల గడపలు తొక్కుతారు. 2024 ఆగస్టులో 13 కేసులున్న ఓ ముద్దాయి విషయంలో అవే జమానతులు అన్నిటికీ సరిపోతాయని సుప్రీంకోర్టు అనుమతించింది. వకీలుకు ఈ మాట గుర్తు చేయాలి. జైల్లో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు, న్యాయసేవల నంబర్ 15100. కుర్రాడికి 18 నిండకపోతే కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు పోవాలి. స్కూల్ సర్టిఫికెట్ మొదటి రోజే చూపించాలి.

చాలా కేసులు నేరం ఒప్పుకోవడంతో ముగుస్తాయి. జైల్లో గడిపిన రోజులు శిక్షలో కలుపుతారు. ఎనిమిది కేసుల్లో ఒప్పుకుంటే ఎనిమిది శిక్షలు ఏకకాలంలో నడవాలని విడిగా అడగాలి. అడగకపోతే ఒకదాని తర్వాత ఒకటి నడిచే ప్రమాదముంది. విచారణ నడిస్తే పోలీసుల ముందు ఒప్పుకోలు సాక్ష్యం కాదు, చూపించిన చోట బండి దొరికిందన్న ముక్కే పనికొస్తుంది. ఆ పంచనామా సాక్షులు ఎదురు తిరిగితే కేసు నిలవడం కష్టం.

2025 అక్టోబర్‌లో నిజామాబాద్‌లో వాహన చోరీల నిందితుడిని స్టేషన్‌కు తీసుకెళ్తుండగా సీసీఎస్ కానిస్టేబుల్ హత్యకు గురయ్యాడు. మూడు రోజులకే ప్రభుత్వ ఆస్పత్రిలో పోలీసు కాల్పుల్లో నిందితుడూ చనిపోయాడు. తుపాకీ లాక్కోబోయాడని పోలీసులు చెప్పారు. నిందితుడు చనిపోతే అతని మీద కేసు అక్కడితో ఆగిపోతుంది, ఏం జరిగిందో కోర్టులో తేలదు. అలాంటప్పుడు కూడా జప్తు అయిన బండి మీద యజమాని హక్కు పోదు, దరఖాస్తు అదే మేజిస్ట్రేట్ ముందు వేయొచ్చు.

బండి చేతికొచ్చాక సమన్లు వస్తే యజమాని సాక్షిగా వెళ్లక తప్పదు, ఎగ్గొడితే వారెంట్ రావచ్చు. తీర్పులో బండి ఎవరికి చెందాలో కోర్టు రాస్తుంది. అప్పీలు గడువు దాటాక బాండు రద్దు చేయించుకుని, ఆ ఉత్తర్వు కాపీని ఆర్‌సీతో పాటు దాచుకోవాలి. రేపు బండి అమ్మేటప్పుడు కొనేవాడు అడిగేది ఆ కాగితమే.